ఒక మనిషి బొమ్మ పోటీకి వెళ్లి వచ్చేదాకా: నా అనుభవం

సెప్టెంబర్ 29 మధ్యాహ్నం క్రేటు తిరిగి ఇల్లు చేరింది. అందులోని బొమ్మకు మొదటి గీత గీసింది కిందటేడు సెప్టెంబర్ 8న. వేయడానికి పట్టింది పన్నెండు వారాలకు కాస్త తక్కువ. మిగిలిన పది నెలలూ ఫోటోలు, ఫారాలు, ఫ్రేము, పెట్టె, కస్టమ్స్, మధ్యమధ్యలో ఎదురుచూపులు. మనిషి రూపాన్ని, కంటికి కనిపించే లోకాన్ని వేసేవాళ్ల కోసమే పెట్టిన అంతర్జాతీయ పోటీ అది. వేయడం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వేశాక ఈ పది నెలల్లో ఏం జరుగుతుందో నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే తేదీలతో సహా రాస్తున్నాను.

ఆగస్టు నెలంతా నియమాలు చదవడానికే సరిపోయింది. పేరు విని ఆశపడ్డ పోటీల్లో సగం నాకు వర్తించవని అప్పుడే తెలిసింది. రూపచిత్రాలకిచ్చే, 1921 నుంచి నడుస్తున్న ఆర్కిబాల్డ్ బహుమతికి పంపాలంటే అంతకుముందు పన్నెండు నెలలు ఆస్ట్రేలియాలో గానీ న్యూజిలాండ్‌లో గానీ నివాసం ఉండాలి. వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ మూడేళ్లకోసారి పెట్టే ఔట్‌విన్ బూచీవర్ పోటీ అమెరికాలో ఉండి పనిచేసేవాళ్లకే. లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ 1980లో మొదలుపెట్టిన పోటీకి ఏ దేశం వాళ్లైనా పంపొచ్చు. కానీ గ్యాలరీ పునర్నిర్మాణం కోసం మూసిన ఏళ్లలో అది ఆగిపోయి 2024లో మళ్లీ వచ్చింది. మాంట్రియల్‌లోని ఎలిజబెత్ గ్రీన్‌షీల్డ్స్ ఫౌండేషన్ 1955 నుంచి ఉంది, ఫిగరేటివ్ పని (కంటికి కనిపించే రూపాలను వేయడం) చేసేవాళ్లకు అది పెద్ద అండ. అయితే అది పోటీ కాదు, కెరీర్ తొలినాళ్లలో ఉన్నవాళ్లకు ఇచ్చే ఆర్థిక సాయం.

నేను ఎంచుకున్న పోటీ నియమాలు ఇవీ: బొమ్మ గత మూడేళ్లలో వేసినదై ఉండాలి. ఫ్రేముతో కలిపి ఏ వైపూ 120 సెంటీమీటర్లు దాటకూడదు. మనిషి రూపమే ప్రధానంగా ఉండాలి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చూసి వేసి ఉండాలి, ఫోటోలు తోడుగా వాడుకోవచ్చు, అవి సొంతంగా తీసినవే కావాలి. యంత్రం తయారుచేసిన చిత్రాన్ని చూసి వేస్తే ఒప్పుకోరు. కూర్చున్న మనిషి రాతపూర్వక సమ్మతి జతచేయాలి. ఒక్కొక్కరు రెండు బొమ్మలు పంపొచ్చు, ఒక్కోదానికి విడిగా ఫీజు.

'ఎదురుగా చూసి' అన్న షరతును తేలిగ్గా తీసుకోకండి. 1943లో విలియం డోబెల్‌కు ఆర్కిబాల్డ్ వచ్చినప్పుడు ఆ బొమ్మ అసలు రూపచిత్రం కాదు, వ్యంగ్యచిత్రమని తోటి చిత్రకారులు కోర్టుకెక్కారు. తీర్పు డోబెల్ పక్షానే వచ్చింది. ఇలాంటి పోటీల్లో బొమ్మ ఎలా పుట్టిందన్నది ఇప్పటికీ అడుగుతారు. అందుకని మొదటిరోజు నుంచే ప్రతి కూర్చోబెట్టుడు అయ్యాక, ఈజెల్ మీదున్న బొమ్మను తేదీతో ఫోటో తీసి పెట్టుకున్నాను. మా అత్తయ్య 14 ఉదయాలు కూర్చుంది, ఒక్కోసారి రెండున్నర గంటలు, మొత్తం 35 గంటలు. బొగ్గుతో గీసిన స్టడీలు (సన్నాహక చిత్రాలు) ఆరు. ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో వేసుకున్నాను. తర్వాత ఇదే ఫోల్డర్ నన్ను కాపాడింది.

బొమ్మ 90 × 70 సెంటీమీటర్ల లినెన్ కాన్వాస్ మీద ఆయిల్. ఆమె కుర్చీలో కూర్చుని ఉంటుంది, చేతులు ఒళ్లో, ఎడమ పక్క కిటికీ. రెండోది చిన్నది, 40 × 30, ముఖం మాత్రమే. నిజం చెప్పాలంటే నా నమ్మకమంతా ఆ చిన్నదాని మీదే.

ఇక్కడ మొదటి తప్పు చేశాను. గడువు జనవరి 15. నవంబర్ 28కల్లా పెద్ద బొమ్మ అయిపోయింది, ఇంకా ఏడు వారాలు ఉందిలే అనుకున్నాను. కింద వేసిన బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) త్వరగా ఆరుతుంది, అందులోని మాంగనీసే ఆరబెడుతుంది. కానీ నేపథ్యంలో ఐవరీ బ్లాక్ అనే నలుపు వేసిన చోట 24 రోజులు గడిచి డిసెంబర్ 22 వచ్చినా వేలికి జిగటగా తగులుతూనే ఉంది. ఆరని చోట మెరుపు, ఆరిన చోట మసక. అంబర్ వేసిన చోట్లయితే నూనెను కింది పొర పీల్చేసుకుని, నలుపు కాస్తా బూడిద రంగుకు తిరిగింది. ఎదురుగా నిలబడి చూస్తే కన్ను సర్దుకుంటుంది. కెమెరా సర్దుకోదు. ఆరిన చోట్ల లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్ కలిపి చాలా పలచగా పూసి, పది నిమిషాలు ఆగి, నూలుగుడ్డతో మిగిలినదంతా తుడిచేశాను. అప్పుడుగానీ ఆ చీకట్లో కుర్చీ వీపు మళ్లీ కనిపించలేదు. మీరైతే గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టండి: ఫోటోకు ఒక వారం, ఆరడానికి కనీసం ఆరు వారాలు, అప్పుడు ఆఖరి కూర్చోబెట్టుడు ఎప్పుడో తేలుతుంది.

ఫోటో డిసెంబర్ 27, 28 తేదీల్లో తీశాను. మొదటి రౌండులో జ్యూరీ చూసేది ఈ ఫోటోనే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. ఫోన్‌తో కిటికీ దగ్గర తీసిన మొదటి ప్రయత్నం పూర్తిగా పాడైంది: పైభాగం నీలంగా, కిందిభాగం పసుపుగా, అంచులు ఉబ్బెత్తుగా వచ్చాయి. రెండోరోజు కెమెరా అద్దెకు తెచ్చి సరిగ్గా చేశాను. బొమ్మను గోడకు నిటారుగా పెట్టి, రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో, రెండు మీటర్ల దూరంలో, ఒకే రకం దీపాలు రెండు. వెలుగు సమానంగా పడుతోందో లేదో తెలుసుకోవడానికి బొమ్మ మధ్యలో, తాకకుండా, ఒక పెన్సిల్ నిలువుగా పట్టుకుంటే చాలు. అటూ ఇటూ పడే రెండు నీడలూ ఒకే నలుపులో ఉండాలి. ఒకటి ముదురుగా ఉంటే ఒక దీపం దగ్గరగా ఉన్నట్టు.

కెమెరా బొమ్మకు సమాంతరంగా ఉందో లేదో కంటికి తెలియదు. దానికి చిన్న చేతి అద్దం ఒకటి బొమ్మ మధ్యభాగం ఎదుట చదునుగా ఆనించి, కెమెరాలోంచి చూడాలి. లెన్సు ప్రతిబింబం కెమెరా తెరకు సరిగ్గా మధ్యలో కనిపించేదాకా ట్రైపాడ్ జరపాలి. ఇది చేయకపోతే నలుచదరం కాస్తా ఒక పక్కకు లాగినట్టవుతుంది. దాన్ని కంప్యూటర్‌లో కత్తిరించి సరిచేయబోతే బొమ్మ అంచు పోతుంది. నా మొదటి ఫోటోలో అలా కుర్చీ కాలు సగం పోయింది. లెన్సు 85 మిల్లీమీటర్లది, ఎఫ్/8, ఐఎస్ఓ 100, రా ఫైలు, మధ్యలో గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి ఒక ఫోటో, తీసేసి ఇంకోటి.

ఆయిల్ బొమ్మ మీది తళుకు పోగొట్టడానికి దీపాల ముందు పోలరైజింగ్ షీట్లు (వెలుగును ఒకే దిశకు వడగట్టేవి) ఒకే దిశలో పెట్టి, లెన్సుకు పోలరైజర్ బిగించి, తళుకు మాయమయ్యేదాకా తిప్పాలి. ఇది మంత్రంలా పనిచేస్తుంది. అయితే ఒక చిక్కు ఉంది. తళుకుతో పాటు కుంచె జాడలు కూడా పోతాయి, చీకట్లు ఉన్నదానికంటే ముదురుతాయి, బొమ్మ ప్లాస్టిక్ అట్టలా తయారవుతుంది. అందుకని పోలరైజర్‌ను పూర్తిగా తిప్పకుండా కొంచెం వెనక్కి తెచ్చి, చేతుల మీద మందంగా వేసిన తెలుపు కాస్త మెరిసేలా ఉంచాను. తర్వాత అసలు బొమ్మను స్క్రీను పక్కన నిలబెట్టి రంగులు సరిచూసుకున్నాను. ఫైలు ఎస్ఆర్‌జీబీ అనే మామూలు స్క్రీన్ల రంగుల ప్రొఫైల్‌లోనే పంపండి. అడోబీ ఆర్‌జీబీలో వదిలేస్తే కొన్ని స్క్రీన్ల మీద చర్మం రంగులు పాలిపోయి కనిపిస్తాయి.

పూర్తి ఫోటోతో పాటు రెండు క్లోజప్పులు అడిగారు. నేను ముఖం, చేతులు పంపాను.

ఫారం నింపడం అరగంట పని అనుకున్నాను, మూడు సాయంత్రాలు పట్టింది. కొలతల్లో ముందు ఎత్తు, తర్వాత వెడల్పు రాయాలి. తిరగేస్తే నిలువు బొమ్మ అడ్డం బొమ్మగా నమోదవుతుంది. ఫైలు పేరులో చిత్రకారుడి పేరు ఉండకూడదు. వంద పదాల్లో బొమ్మ గురించి రాయమన్నారు. మొదట రాసినదాంట్లో అనుభూతి, అస్తిత్వం, అంతరంగం లాంటి మాటలే నిండిపోయాయి. అన్నీ కొట్టేసి, ఎన్ని ఉదయాలు కూర్చుంది, వెలుగు ఎటునుంచి పడింది, చేతులను మూడుసార్లు గీకేసి ఎందుకు మళ్లీ వేయాల్సి వచ్చింది, అవి రాశాను. వంద పదాలు వాటికే చాలలేదు.

ధర గడి దగ్గర చాలామంది దెబ్బతింటారు. అమ్ముడైతే నిర్వాహకులకు 40 శాతం కమిషన్. చేతికి 100 రావాలంటే 140 వేస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. 140లో 40 శాతం 56, మిగిలేది 84. వందను 0.6తో భాగించాలి, అంటే 167 వేయాలి. ఒకసారి వేసిన ధర మార్చనివ్వరు. ఫ్రేము, పెట్టె ఖర్చు కూడా ఆ 100లోనే ఉండేలా చూసుకోవాలి. అమ్మే ఉద్దేశం లేకపోతే 'అమ్మకానికి కాదు' అని పెట్టుకోవచ్చు, కానీ అప్పుడూ బీమా కోసం విలువ ఒకటి రాయాల్సిందే. ఈ విలువ గుర్తుపెట్టుకోండి, కస్టమ్స్ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

జనవరి 11న పంపేశాను. గడువు చివరి రోజున పంపొద్దు, ఫైళ్లు ఎక్కడానికే గంటలు పడుతుందని తర్వాత మరికొందరు చెప్పారు. ఆ తర్వాత ఏమీ లేదు. లాగిన్ అయితే 'పరిశీలనలో ఉంది' అన్న ఒక్క మాట. గడువు నుంచి 47 రోజులు అదే మాట. ఆ రోజుల్లో పెద్ద బొమ్మను గోడవైపు తిప్పి పెట్టాను. చూసిన ప్రతిసారీ ఎడమ భుజం తప్పుగా ఉందనిపించేది, సరిచేస్తే ఫోటోకూ బొమ్మకూ తేడా వస్తుంది. పంపిన ఫోటోలో ఎలా ఉందో బొమ్మ అలాగే చేరాలన్నది నియమం. తప్పు తెలిసినా చేయి పెట్టకూడదు, ఆ నిగ్రహం కష్టంగా ఉండింది.

మార్చి 3 ఉదయం రెండు మెయిళ్లు వచ్చాయి, ఒకే సబ్జెక్టుతో, నాలుగు నిమిషాల తేడాలో. మొదటిది చిన్న బొమ్మది: ఎంపిక కాలేదు. రెండోది తెరవడానికి కాసేపు పట్టింది. పెద్ద బొమ్మ రెండో రౌండుకు వెళ్లింది. సంతోషం కంటే ముందు కలిగింది ఆశ్చర్యం. ఆ సాయంత్రం రెండు ఫోటోలనూ స్క్రీను మీద మూడు సెంటీమీటర్లకు కుదించి పక్కపక్కన పెట్టి చూశాను. ముఖం మాత్రమే ఉన్నదాంట్లో వెలుగూ నీడా చాలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తేనే పలికే బొమ్మ అది. చిన్నదయ్యేసరికి గోధుమరంగు మచ్చలా మిగిలింది. పెద్దదాంట్లో కిటికీ వెలుగు, నల్లటి నేపథ్యం, ఒళ్లో తెల్లటి చేతులు ఆ సైజులోనూ కనిపిస్తున్నాయి. జ్యూరీ మనసులో ఏముందో నాకు తెలియదు. కానీ ఈ పరీక్ష ముందే చేసుకుని ఉంటే చిన్నదాని బదులు వేరే బొమ్మ పంపేవాణ్ణి.

రెండ్రోజులకే ఇంకో మెయిల్: పని దశల ఫోటోలు మూడు, ఐదు రోజుల్లోగా. ఫోల్డర్ తెరిచి పంపేశాను. ఆ ఫోటోలు లేకపోయి ఉంటే ఏం చేసేవాణ్ణో ఆలోచించడానికే భయం వేసింది.

అసలు బొమ్మ చేరాల్సింది ఏప్రిల్ 7 నుంచి 11 లోపు. అటు ముందు వచ్చినా తీసుకోరు, తర్వాత వచ్చినా తీసుకోరు. చేతిలో ఉన్నది ఐదు వారాలు. ముందు వార్నిష్. పూర్తయి పదహారు వారాలు. ఓ మూల, నేపథ్యం రంగు ఉన్న చోట, టర్పెంటైన్‌లో తడిపి పిండిన దూది పుల్లతో మెల్లగా రుద్దాను. దూదికి రంగు అంటితే ఆరనట్టే. అంటలేదు. మందంగా వేసిన చేతుల దగ్గర గోరుతో నొక్కితే దిగలేదు. మార్చి 22న సింథటిక్ రెజిన్ వార్నిష్ ఒక పలచటి పొర వేశాను. గ్లోస్ (బాగా మెరిసే) వార్నిష్, ఎందుకంటే చీకట్లు లోతుగా కనిపిస్తాయని. ఇది రెండో తప్పు, ఎందుకో తర్వాత చెబుతాను.

ఫ్రేము విషయంలో కొరియర్ లెక్కే నాకు దారి చూపించింది. విమానంలో వెళ్లే పార్సిల్‌కు అసలు బరువు, జాగా బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దాని ప్రకారం డబ్బు తీసుకుంటారు. జాగా బరువంటే, పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు. నేను ముందు అనుకున్న ఐదు సెంటీమీటర్ల మౌల్డింగు ఫ్రేము, చుట్టూ ఐదు సెంటీమీటర్ల ఫోము, దానిపై ప్లైవుడ్, బద్దలు అన్నీ కలిపితే పెట్టె 116 × 96 × 20. భాగిస్తే 44.5 కిలోలు. నిజంగా తూచితే అది 20 కిలోలు కూడా ఉండదు. ఒకటిన్నర సెంటీమీటర్ల సన్నని ట్రే ఫ్రేముకు మారితే పెట్టె 109 × 89 × 18కి దిగింది, 35 కిలోలు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు, రెండుసార్లూ దాదాపు పది కిలోల డబ్బు మిగిలింది. పైగా ఆ సన్న ఫ్రేమే బొమ్మకు బాగా నప్పింది.

పెట్టెకు వాడే చెక్క గురించి ముందే తెలిసి ఉండాలి. దేశం దాటే పెట్టెల్లో మామూలు కొయ్య వాడితే, పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌పీఎం 15 ప్రకారం శుద్ధి చేసినదై ఉండాలి. వేడితో శుద్ధి చేస్తే కొయ్య లోపలిదాకా 56 డిగ్రీలు చేరి 30 నిమిషాలు ఉండాలి, దాని మీద హెచ్‌టీ ముద్ర ఉండాలి. ప్లైవుడ్‌కు ఈ నియమం లేదు, అది తయారయ్యేటప్పుడే వేడి, జిగురు, ఒత్తిడి చూసి ఉంటుంది. వడ్రంగి అలవాటుగా మూలలకు మామూలు కొయ్య బద్దలు వేయబోతే ఆపి, బద్దలు కూడా ప్లైవుడ్‌వే కోయించాను. మామూలు కొయ్య బద్దలకు ముద్ర లేకపోతే పెట్టె సరిహద్దులోనే ఆగిపోగలదు.

బబుల్ ర్యాప్‌ను బొమ్మకు నేరుగా చుట్టకండి. కొత్త వార్నిష్ మీద ఆ బుడగల గుండ్రాలు అచ్చుపడతాయి, మళ్లీ పోవు. ముందు గ్లాసిన్ అనే నున్నటి కాగితం, అదీ బొమ్మను తాకకుండా ఫ్రేము అంచుల మీద బిగువుగా. దాని మీద అట్ట, అప్పుడు పాలిథిన్, ఆపైన ఫోము. మూతకు మేకులు వద్దు, స్క్రూలే. మేకులు పీకేటప్పుడు సుత్తి దెబ్బలకు రంగు పొర పగులుతుంది. పెట్టె విప్పేది మనం కాదు కాబట్టి, మూత లోపలివైపు విప్పే క్రమాన్నీ తిరిగి సర్దే క్రమాన్నీ నాలుగు ఫోటోలతో అంటించాను. వెనక తీగ కట్టి పంపబోయాను. నియమాల్లో చూస్తే తీగ వద్దన్నారు, వాళ్లే మిర్రర్ ప్లేట్లు (గోడకు బిగించే లోహపు పట్టీలు) బిగిస్తారట. విప్పేశాను. తీగ ప్రయాణంలో కాన్వాస్ వెనక రాసుకుంటే ముందువైపు గీత తేలుతుందని అప్పుడే తెలిసింది.

మార్చి 30న పెట్టె బయల్దేరింది. ఏప్రిల్ 2న అవతలి కస్టమ్స్‌లో ఆగింది. కారణం నేనే. చేత్తో వేసిన బొమ్మలకు కస్టమ్స్‌లో వాడే 9701 కోడు వేశాను, వందేళ్ల లోపువి కనుక 9701.91, అది సరిగ్గానే ఉంది. కానీ ఇన్వాయిస్‌లో విలువ తక్కువ వేసి, ప్రదర్శన పత్రంలో ఫారంలోని పూర్తి ధర ఉంచాను. రెండు కాగితాల్లో రెండు విలువలు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. వివరణ, నిర్వాహకుల ఆహ్వాన పత్రం, సవరించిన ఇన్వాయిస్ పంపితే ఏప్రిల్ 8న వదిలారు. ఆ ఆరు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. 9న చేరింది, గడువుకు రెండు రోజుల ముందు. ధర, బీమా విలువ, ఇన్వాయిస్ మూడూ ఒకే అంకె ఉండాలి. ఏటీఏ కార్నె అనే కస్టమ్స్ పత్రం తీసుకోవచ్చా అని కూడా అడిగాను. అది తాత్కాలికంగా తీసుకెళ్లి తిరిగి తెచ్చే వస్తువులకు మంచిదే, కానీ దానికి పూచీకత్తు కట్టాలి, పైగా బొమ్మ అక్కడే అమ్ముడైతే లెక్కలు మళ్లీ మొదటికొస్తాయి. అందుకని ప్రదర్శన కోసం తాత్కాలిక దిగుమతి పద్ధతిలోనే పంపాను. ఇక్కడ ఎగుమతి కాగితాలతో పాటు బొమ్మ ముందూ వెనకా ఫోటోలు ముద్ర వేయించి పెట్టుకోండి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు అది మనదేనని రుజువు చేసుకోలేక, సొంత బొమ్మకు దిగుమతి పన్ను కట్టాల్సి వస్తుంది.

ఏప్రిల్ 28న ఫలితం. బొమ్మ ప్రదర్శనకు ఎంపికైంది, బహుమతుల జాబితాలో లేదు. రెండో రౌండులో ఆగిపోయినవాళ్లు పది రోజుల్లో బొమ్మ తీసుకెళ్లాలి, దాటితే రోజుకింత అని నిల్వ రుసుము. ఆ రౌండుదాకా వెళ్లి, రానూపోనూ ఖర్చంతా పెట్టుకుని, గోడ దక్కనివాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల గురించి ఎవరూ రాయరు.

జూన్ 5న ప్రారంభానికి వెళ్లాను. నాలుగు గోడల నిండా మనుషులే: నిద్రపోతున్నవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, అద్దంలో తమను తాము చూసుకుంటున్న చిత్రకారులు. ఇంతమంది ఇన్ని గదుల్లో ఇంకో మనిషిని గంటల తరబడి చూస్తూ కూర్చున్నారన్న సంగతి ఆ గోడల ముందు నిలబడితేనే తెలుస్తుంది. గొంతు పట్టేసింది.

తర్వాత నా బొమ్మ దగ్గరికెళ్లాను. పైనుంచి పడే దీపాల వెలుగు గ్లోస్ వార్నిష్ మీద పడి, పైభాగం మూడో వంతు తెల్లగా మెరుస్తోంది. ముఖం కనబడాలంటే రెండడుగులు పక్కకు జరగాల్సి వచ్చింది. గ్లోస్, మ్యాట్ (మెరుపు లేనిది) కలిపి శాటిన్‌గా, అంటే సగం మెరుపుతో వేసి ఉంటే ఇది ఉండేది కాదు. కిటికీ దగ్గరి చల్లటి వెలుగులో వేసిన చర్మం రంగులు, ఆ వెచ్చటి దీపాల కింద ఇంకాస్త ఎర్రబడ్డాయి. ఇంట్లో అలాంటి దీపం కింద ఒకసారి పెట్టి చూసుకోవాల్సింది. కానీ చేతులు మాత్రం బాగున్నాయి. ఎవరో ఒకావిడ బొమ్మకు జానెడు దూరం దాకా వంగి, కుడి బొటనవేలి దగ్గర గీకేసి మళ్లీ వేసిన చోటు చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. మూడుసార్లు గీకేసినది ఆ చోటే.

ఖర్చు ఎవరికి వారికి వేరుగా ఉంటుంది కాబట్టి నిష్పత్తిలో చెబుతాను. ఒక బొమ్మ ప్రవేశ రుసుము ఒక వంతు అనుకుంటే, రెండు బొమ్మలకు రెండు వంతులు, కెమెరా, దీపాల అద్దె ఒకటిన్నర, ఫ్రేము నాలుగు, పెట్టె మూడు, ప్రయాణ బీమా ఒకటి, వెళ్లేటప్పుడు రవాణా పదకొండు, వచ్చేటప్పుడు పన్నెండు. అంతా ముప్పై నాలుగున్నర వంతులు, నా ప్రయాణం కాక. ఫీజు చూసి 'ఇంతే కదా' అనుకుంటాం, అసలు ఖర్చులో అది లెక్కలోకే రాదు. బీమా కూడా గమనించండి: బొమ్మ వాళ్ల చేతికి అందాకే వాళ్ల బీమా మొదలవుతుంది, దారిలో జరిగేదానికి మనమే చూసుకోవాలి. సర్దిన ప్రతి పొరకూ ఫోటో లేకపోతే పరిహారం అడగడానికి ఆధారం ఉండదు.

ప్రదర్శన ఆగస్టు 30న ముగిసింది. అమ్ముడు కాలేదు. సెప్టెంబర్ 8న కొరియర్ ఎత్తుకుంది, మూడు వారాలకు వచ్చింది. వచ్చిన రోజే విప్పకుండా పెట్టెను గదిలో 24 గంటలు అలాగే ఉంచాను. చలి నుంచి వచ్చినదాన్ని వెంటనే విప్పితే పాలిథిన్ లోపల చెమ్మ పట్టి వార్నిష్ తెల్లబారుతుంది. సెప్టెంబర్ 30న స్క్రూలు విప్పాను. మూత లోపల అంటించిన ఫోటోలు ఎవరూ చూసినట్టు లేదు. బొమ్మను తలకిందులుగా సర్దారు, కింద ఉండాల్సిన మందపు ఫోము ముక్క పైన ఉంది. ఫ్రేము కుడి కింది మూల మిల్లీమీటరు మేర విడింది. కాన్వాస్‌కు ఏమీ కాలేదు. మూల విప్పి, పాత జిగురు గీకి, కొత్త జిగురు పెట్టి, క్లాంపు బిగించి రాత్రంతా వదిలేశాను.

అత్తయ్య మర్నాడు వచ్చింది. ముందు చేతులు చూసింది, తర్వాత బొమ్మ వెనక్కి తిప్పమంది. ఎంపిక సంఖ్య, ప్రదర్శన తేదీలు, పైకి బాణం గుర్తు ఉన్న చీటీ అక్కడే ఉంది. "ఇది పీకేయకురా" అంది. పీకలేదు. వార్నిష్ మాత్రం తీసి శాటిన్ వేయాలి, దానికి ఆరునెలలు ఆగుతాను.